నల్ల ఉలవల కోసం ఆళ్లగడ్డ దాకా

మా మేనత్త కూతురి పెళ్లి శుభలేఖలో నా పేరు ముందు ‘డా.’ అని వేయించారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి కాదు, అది వేరే సంగతి. కానీ ఆ ఒక్క అక్షరం, దాని పక్కన ఒక చుక్క వల్ల ఆ పెళ్లిలో నాకు భోజనం సయించలేదు. పంక్తిలో ఎడమ పక్కాయన అప్పడం విరుస్తూ విరుస్తూ నా వైపు తిరిగి నాలుక చాపాడు. కుడి పక్కావిడ నడుం నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పులిహోర నుంచి పెరుగు దాకా వివరించింది. నేను చదివింది బయోకెమిస్ట్రీ అనీ, ఆ డాక్టరు వేరు, ఈ డాక్టరు వేరు అనీ చెబితే, “పోన్లే బాబూ, వచ్చినంతవరకే చెప్పు” అన్నారు.

పట్టా చేతికొచ్చి అప్పటికి ఆర్నెల్లు. దానివల్ల నాకు కలిగిన లాభం, రకరకాల నాలుకలు చూడటం. ఇలా లాభం లేదని ఉలవల కోసం బయల్దేరాను.

బయల్దేరిన కారణం

బెంగళూరులో మా ప్రయోగశాల చేసే పని ప్రొటీన్ల ఆకారం కనిపెట్టడం. ప్రొటీను కంటికి కనపడదు. దాన్ని శుద్ధి చేసి, ఓపికుంటే స్ఫటికంగా పెంచి, అందులోంచి ఎక్స్‌రేలు పంపితే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని ఏళ్ల తరబడి లెక్కగడితే ఆకారం తెలుస్తుంది. స్ఫటికం రాకపోతే చుక్కలు లేవు. చుక్కలు లేకపోతే మేమూ లేము.

డాక్టరేటు అయ్యాక చేసే పరిశోధనను పోస్ట్ డాక్టొరల్ అంటారు. ఆ ఏడు మా దగ్గర అలాంటి చోటు ఒకటే ఖాళీ, ఆశపడ్డవాళ్లం ఇద్దరం. రెండోవాడు కోడిగుడ్డు మనిషి. తెల్లసొనలో ఉండే ఆ ప్రొటీను మంచి కుటుంబంలో పుట్టింది. కాస్త ఉప్పు చూపిస్తే చాలు, తెల్లారేసరికి స్ఫటికమై కూర్చుంటుంది. నాది ఉలవ. ఉలవలో ఉండే ఒక ప్రొటీను కొందరి రక్తాన్ని ముద్ద కడుతుంది, మరికొందరి రక్తం జోలికే పోదు. ఆ పక్షపాతం ఎందుకో దాని ఆకారం చూస్తే తెలుస్తుందని మా ఆశ. రెండేళ్లలో నాకు ఒక్క స్ఫటికమూ రాలేదు. పెరుగు లాంటిది మాత్రం దండిగా వచ్చింది.

ఒకరోజు మా ప్రొఫెసరు గారు ఆ పెరుగు చూసి నిట్టూర్చారు. “బజారు ఉలవలు తెస్తున్నావు. పది ఊళ్ల గింజలు ఒక సంచిలో. పది సైజుల ఇటుకలతో గోడ లేస్తుందా? ఒకే చేనులో పండిన ఒకే రకం గింజ పట్రా. దీపావళి లోపల ఒక్క స్ఫటికం చూపించు, చోటు నీది. లేదా, గుడ్డుది.”

నాకు నంద్యాలలో దేవదానం ఉన్నాడు. డిగ్రీ రోజుల్లో హాస్టల్లో నా గదివాడు, ఇప్పుడక్కడ హైస్కూల్లో సైన్సు టీచరు. విషయం రాస్తే కార్డు ముక్క మీద జవాబు పంపాడు: “ఉలవల కోసరం మనిషొస్తాడా! మావైపు ఎద్దులొస్తాయి. సరే, రా.”

గుంతకల్లు దాటాక

గుంతకల్లులో చిన్న పట్టాల బండి ఎక్కాను. ఆ బండికి తొందర లేదు, ఎక్కిన వాళ్లకూ ఉన్నట్టు లేదు. ఎదుటి బల్ల మీద తలపాగా పెద్దాయన ఒకడు ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటూ నన్ను ఒక స్టేషను దూరం పరిశీలించాడు.

“యాడికి పోతాండావప్పా?”

“నంద్యాలండి.”

“అండి అంటాండావంటే కోస్తా మనిషివే. ఏం పని జేస్తావ్?”

ఆ రోజు నాకెందుకో నిజం చెప్పాలనిపించింది. “పోస్ట్ డాక్టరు పని కోసం ప్రయత్నిస్తున్నానండి.”

ఆయన ఒక కాయ ఒలిచి, నమిలి, మింగి, అప్పుడన్నాడు. “పోస్టాఫీసుకు గూడా డాక్టర్ని పెట్టినారా?”

“కాదండి. డాక్టరు చదువు అయ్యాక చదివే చదువు.”

“అయినాక మళ్లా ఏం జదువుతారు?”

“మళ్లీ అదేనండి.”

“ఫెయిలైనావా?”

“పాసయ్యానండి.”

పెద్దాయన పక్కాయన వైపు తిరిగాడు. “పాసైనోళ్లను మళ్లా సదివిచ్చేది యాడన్నా ఇన్యావా?” పక్కాయన అంతసేపూ కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదట. “జీతమేమన్నా ఇస్తారా?” అని అడిగాడు. కొద్దిగా ఇస్తారన్నాను. “చదివేకి జీతమిచ్చేటట్లుంటే నేనూ అయిదో తరగతి ఇడిసిపెట్టకపోదును” అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

పెద్దాయన నా దోసిట్లో శెనక్కాయలు పోశాడు. పాసై కూడా చదవాల్సొచ్చిన వాడి మీద జాలి కాబోలు. కాయలు మాత్రం బాగున్నాయి.

నంద్యాలలో ఉగ్గాని, ప్రార్థన

మావైపు బొరుగులు పొడిగా తింటాం. నంద్యాలలో వాటిని నీళ్లలో ముంచి, పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పేరు ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా అడిగితే ఒంట్లో బాగాలేదా అంటారు. ప్లేటు ముప్పావలా. బజ్జీ కొరికాక కళ్లలోంచి వచ్చే నీళ్లకు విడిగా ఏమీ తీసుకోరు.

ఇంకో సంగతి. మావైపు కొత్తవాణ్ణి ‘బాబూ’ అంటారు, లేకపోతే ‘ఏమండీ’. ఇక్కడ అందరూ ‘అప్పా’. హోటలు దాటేలోపే నా తండ్రి వయసు వాళ్లు కూడా నన్ను అప్పను చేసేశారు.

దేవదానం వాళ్లమ్మ ఎస్తేరమ్మ గారు కొర్రన్నం, గోంగూర పెట్టారు. చెయ్యి కంచంలో పెట్టబోతుంటే దేవదానం నా మోచేతిని తట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. “ప్రభువా, ఈ అన్నం కోసరం వందనాలు. దూరం నుండి వచ్చిన ఈ పిల్లోనికి మంచి ఉలవలు దొరికేటట్ల జెయ్యి. ఆయప్ప చేసే పనేందో మాకు తెల్దు, నీకు తెలుసు...” ఉలవల కోసం చేసిన ప్రార్థన వినడం నాకదే మొదలు. నా పనేమిటో తెలిసినవారు ఒకరున్నారన్న మాటా మొదటిసారి విన్నాను. ఆమెన్ అన్నాక ఆవిడ చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి మోకాలు చూపించారు. “వాపు చూడు నాయనా. డాక్టరువంట గదా.”

మధ్యాహ్నం ధాన్యం బజారుకు వెళ్లాం. అంగడాయన మూట మూతి విప్పి ఉలవల్లో చెయ్యి పెట్టి జల్లుమనిపించాడు. నల్లవి, ఎర్రవి, గోధుమరంగువి, చుక్కలవి.

“ఇవన్నీ ఒకే చేనువేనా?” అన్నాను.

“ఒకే మూట గదప్పా.”

“అంటే, ఏ ఊరివి? ఏ రకం గింజ? విత్తనం ఎవరిది?”

ఆయన మూట మూతి కట్టేశాడు. “నువ్వు ఉలవలు కొనేకి వచ్చినావా, పిల్లనిచ్చేకి వచ్చినావా? కులగోత్రాలడుగుతాండావ్!”

దేవదానం సర్దిచెప్పాడు. అంగడాయన చల్లబడి, అచ్చంగా నల్లవే కావాలంటే ఆళ్లగడ్డ అవతల లక్షుమ్మను అడగమన్నాడు. పెళ్లై వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనమట. ఇన్నేళ్లూ ఇంకో గింజ కలవనివ్వలేదట. “ఇస్తుందో ఇయ్యదో నాకు తెల్దు. నన్నయితే గడప గూడా ఎక్కనీలేదు” అన్నాడు.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి చెవుల నిండా ఉలి చప్పుడు. రోడ్డు పక్క కొట్టాల్లో దేవుళ్లు కొందరు పడుకుని ఉన్నారు, కొందరు నిలబడి ఉన్నారు. ఒక వినాయకుడు తొండం దాకా బయటికొచ్చి, మిగతా ఒళ్లు ఇంకా రాతిలోనే ఉంచుకున్నాడు. నా పరిశోధన కంటే చాలా ముందున్నాడు.

“ఇది ఎప్పటికి పూర్తవుతుందండి?” అని అడిగాను, ఊరికే.

శిల్పి తలెత్తలేదు. “దుడ్లిచ్చినోడు అడగల్ల ఆ మాట. నువ్వెందుకడుగుతావప్పా?”

మా ప్రొఫెసరు గారికి ఇలా జవాబు చెప్పగలిగితే ఎంత బాగుండునో అనుకుంటూ నడిచాను.

లక్షుమ్మ గారి ఊరు అక్కణ్ణించి నడిచిపోయేంత దూరమే అన్నారు. ఆ ముందురోజు వాన కురిసిందన్న సంగతి చెప్పలేదు. నల్లరేగడి మట్టికి ప్రేమ ఎక్కువ. అడుగు వేస్తే కాలిని వదలదు, వదిలితే చెప్పును వదలదు. కాసేపట్లో ఒక్కో పాదం ఒక్కో గుమ్మడికాయంత అయింది. ఎడమ చెప్పు పూర్తిగా భూమిలో కలిసిపోయింది. దేవదానం ముందే చెప్పులు విప్పి చేతబట్టుకున్నాడు. నాకు చెప్పలేదేమని అడిగితే, “సైంటిస్టువు గదా, నీకే తెలుస్తాదిలే అనుకుంటి” అన్నాడు.

విత్తనాల కుండ

లక్షుమ్మ గారికి అరవై ఉండొచ్చు. భర్త పోయాక సేద్యమంతా ఆవిడే చూస్తున్నారు. మా కాళ్లు చూసి తొట్టి చూపించారు. కడుక్కున్నాక సంగటి, ఉలవచారు పెట్టారు. మావైపు ఉలవచారు పెళ్లి విందుల్లో వెన్న మీగడతో ఊరేగుతుంది, ఎద్దులకు ఉడకబెట్టిన నీళ్లేనన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఇక్కడ దాపరికం లేదు. “ఎద్దులకు పెట్టంగా వంచిన కట్టు. బాగుండాదా?” అన్నారావిడ. బాగుంది.

తిన్నాక వచ్చిన పని చెప్పాను. రెండు కిలోల నల్ల ఉలవలు కావాలన్నాను.

“తినేకి పెట్టుకున్నెవి నిన్నటికి ఐపాయె. కట్టు అందులోదే. ఇంగుండేది విత్తనమే” అని మూలనున్న మట్టికుండ చూపించారు. “విత్తుతావా? ఎన్నెకరాలు?”

దేవదానం నా కాలు తొక్కాడు. విత్తుతానని చెప్పమని దాని అర్థం. నేను అప్పటికే నోరు తెరిచాను. “ఎకరాలు లేవమ్మా. పిండి చేస్తాం.”

గడపలో కూర్చుని చేటతో చెరుగుతున్న నాగమ్మ అనే కూలీ మనిషి చెయ్యి ఆపింది.

“విత్తనాన్ని పిండి జేస్తావా?”

“పిండి చేసి, నీళ్లలో కలిపి, అందులో ఉన్న ఒక పదార్థాన్ని బయటికి తీసి, దాన్ని...” తెలుగులో చెప్పాలని పట్టుదల వచ్చింది నాకు. “దాన్ని స్ఫటికం చేస్తాం.”

“పటికనా?”

“స్ఫటికం అమ్మా.”

“అదేలేప్పా, పటిక.” వాకిలి మీదికి చూపించారు. దిష్టి తగలకుండా నల్ల తాడుతో కట్టిన పటిక ముక్క వేలాడుతోంది. “ఆళ్లగడ్డలో ఏ అంగట్లోనైనా అర్ధరూపాయికి ముద్దంత ఇస్తారు. దానికోసరం విత్తనం నూరేదేంది?”

“ఇంత సదువూ పటిక జేసేకా!” అంది నాగమ్మ, చేట పక్కన పెట్టి మరీ.

మాటకు మాట చూస్తే లక్షుమ్మ గారు తప్పేమీ అనలేదు, స్ఫటికం నలిగి నలిగి పటిక అయింది. దేవదానం కల్పించుకుని, అది పటిక కాదనీ, అది వస్తేనే నాకు ఉద్యోగం వస్తుందనీ, దీపావళి గడువనీ, రాకపోతే కోడిగుడ్డు వాడికి పోతుందనీ చెప్పాడు. కోడిగుడ్డు మాటకు లక్షుమ్మ గారు కొంచెం కదిలినట్టు కనిపించారు. కోడిగుడ్డుకు ఓడిపోవడం ఆవిడకూ నచ్చినట్టు లేదు.

“ఇనప్పా” అన్నారు నాతో. “ఆ కుండలోనుంచి దీసిన గింజ మన్నులో పడల్ల. నూరేకి ఇయ్యలేను, ఎవురికీ ఇయ్యలేదు. రేపు మేం విత్తుతాండాం. తీసింది మళ్లా కుండలోకి పోదు. చేనంతా విత్తినాక గంపలో మిగిలింది గుగ్గిళ్లు జేసి పనిజేసినోళ్లకు పంచుతాం. తలా పిడికెడు, ఎవురి పిడికిలి వాళ్లది. నువ్వూ పనిజెయ్యి. నీ పిడికెడు ఉడకబెట్టకుండ ఇస్తా. నూరుకుంటావో, నుదుటికి రాసుకుంటావో, నీ ఇష్టం.”

చేను

పొద్దున్నే చేనుకు వెళ్లాం. ముందు ఎద్దులు, వాటి వెనక గొర్రు. గొర్రు మీద జడ్డిగమని చెక్క గిన్నె ఉంటుంది. గొర్రు వెంట నడుస్తూ అందులో గింజలు వదులుతుంటే, అవి గొట్టాల్లోంచి సాళ్లలో పడతాయి. గొర్రు పట్టే పని ఒక కూలీకి, ఎద్దుల్ని నడిపించే పని దేవదానానికి, గింజలు వదిలే పని నాకు. మిగతావాళ్లకు మమ్మల్ని చూసి నవ్వడంతో పాటు వేరే పనులు కూడా ఉన్నాయి.

మొదటి సాలు సగంలో నాకొక లెక్క తట్టింది. నేను పలచగా వదిలితే గంపలో ఎక్కువ మిగులుతుంది. తలపైకెత్తి చూస్తే, సరిగ్గా అదే క్షణంలో అదే లెక్క చేనులో ఉన్న అందరికీ తట్టిందని వాళ్ల మొహాలు చెబుతున్నాయి.

“అక్కా, కోస్తా అప్ప చెయ్యి బిగబట్టినాడు సూడు!” అని నాగమ్మ గట్టుమీద నుంచి కేక పెట్టింది.

నేను బిగబట్టలేదు. అది నా చెయ్యి సహజంగా వదిలే తీరు, ప్రయోగశాలలో చుక్క చుక్కగా పోసిన అలవాటు. కానీ అభాండం అభాండమే. దాన్ని తుడిచేసుకోవాలని రెండో సాలు నుంచి ధారాళంగా వదలడం మొదలుపెట్టాను. చెయ్యి తెరిచానంటే తెరిచాను. మూడో సాలుకు లక్షుమ్మ గారు పరుగున వచ్చారు.

“సాలప్పా సాలు! విత్తుతాండావా, పిట్టలకు సంతర్పణ జేస్తాండావా?”

తర్వాత ఆవిడ నా పక్కనే నడిచి, గింజ ఎలా జారాలో చెబుతూ వచ్చారు. నాకు ఒక సాలు ఎక్కువ, ఒక సాలు తక్కువ వచ్చింది. ఎండెక్కింది. గంపలో నల్లటి గుట్ట తగ్గుతోంది. దానితో పాటు బెంగళూరులో నా చోటూ తగ్గుతోంది. చివరి నాలుగు సాళ్లప్పుడు గంప అడుగున అల్లిక కనిపించింది. జీవితంలో వెదురు అల్లికను అంత దిగులుగా ఎప్పుడూ చూడలేదు.

విత్తడం ముగిశాక అందరం గట్టు మీద చేరాం. గంపలో మిగిలింది చాలా తక్కువ. ముందు కూలీలకు, చివర చుట్టాలకు. గొర్రు పట్టిన కూలీ తీసుకున్నాడు. నాగమ్మ తీసుకుంది. ఆమెది పిడికిలి కాదు, చిన్న బకెట్టు. నాకేసి చూసి నవ్వి, పైన నాలుగు గింజలు జారకుండా బొటనవేలు కూడా అడ్డం పెట్టింది. ఇంకో ఇద్దరు తీసుకున్నారు. ఇంటి యజమాని పిడికెడు ఎద్దులకు చెందుతుందట. లక్షుమ్మ గారు తన వంతు తీసి వాటి నోటికి అందించారు. నా రెండేళ్ల కష్టం ఎద్దుల దవడల మధ్య కరకరలాడటం విన్నాను.

నా వంతు వచ్చింది. చెయ్యి గంపలో పెట్టి, వేళ్లు ఎంత చాచగలనో అంత చాచి, మూసి, పైకి తీశాను. నవ్వు మొదలైంది.

“అది పిడికిలా, పిచ్చుక గూడా?” అంది నాగమ్మ.

“కలం పట్టిన చెయ్యి గదమ్మా” అన్నాడు దేవదానం నా తరఫున. వాడు డిగ్రీలో వాలీబాల్ ఆడాడు. గంపలో చెయ్యి పెట్టి అడుగున ఉన్నదంతా ఊడ్చి తీసి, తెచ్చి నా రుమాల్లో పోశాడు. “నాకు గుగ్గిళ్లు పడవులే” అన్నాడు. హాస్టల్లో నా వాటా గుగ్గిళ్లు కూడా తినేవాడని నాకు తెలుసు. రుమాలు ముడి వేశాను.

రెండు కిలోలకు వెళ్లి రెండు పిడికిళ్లతో తిరిగి వచ్చాను.

మళ్లీ బెంగళూరు

పురుగు పట్టకుండా గింజలకు పట్టించిన బూడిద కడిగి, నూరి, చల్లగదిలో స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను. మొదటి విడత పెరుగు. రెండో విడత ఏమీ లేదు, పెరుగు కూడా లేదు. మూడో విడతకు గాజు పలక మీద చుక్కలో ఏదో తళుక్కుమంది. అప్పటికే మా వీధిలో పిల్లలు టపాకాయలు ఎండబెట్టుకుంటున్నారు.

ప్రొఫెసరు గారు సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు చూశారు. “ఉప్పు కావచ్చు” అన్నారు. దానికో పరీక్ష ఉంది. సన్నటి సూదితో పొడవాలి. ఉప్పు స్ఫటికం గట్టిది, తట్టుకుంటుంది. ప్రొటీను స్ఫటికం మెత్తనిది, చితికిపోతుంది. అసలైనదని రుజువు కావాలంటే అది పాడవ్వాలి. ఆయన సూది తీసుకున్నారు. నేను గోడ మీది కాలెండరు చూశాను.

“చితికింది” అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఊపారు. “చోటు నీది.”

చుక్క అంచున ఇంకో బుల్లి స్ఫటికం ఉంది, అది బతికింది. కోడిగుడ్డు మనిషి వచ్చి చూసి, మంచివాడు, కాఫీ ఇప్పించాడు. వాడికి ఇంకో ఊళ్లో చోటు దొరికింది.

ఆ సాయంత్రమే ప్రొఫెసరు గారు మళ్లీ పిలిచారు. “ఒకటి రెండు స్ఫటికాలతో ఆకారం తేలదు. అదే చేను, అదే గింజ, రెండు కిలోలు కావాలి.” దేవదానానికి రాశాను.

క్రిస్మస్ అయిన మర్నాడు వాడే బెంగళూరు వచ్చాడు. ఎస్తేరమ్మ గారు పంపిన పిండివంటలు తెచ్చాడు, మోకాలి వాపు తగ్గిందన్న కబురూ తెచ్చాడు. ఆ వాపు తగ్గడంలో నా పాత్ర ఏమీ లేదు. వాడికి సూక్ష్మదర్శినిలో ఆ బుల్లి స్ఫటికం చూపించాను. “పటిక మాదిరే ఉండాది కదరా” అన్నాడు.

“లక్షుమ్మ గారిని అడిగావా?”

“పోయినా. అంతా చెప్పినా. నీకు ఉద్యోగమొచ్చిందని, గింజలు మంచివని మీ సారు మెచ్చుకున్న్యాడని, ఇప్పుడు ఇంగా శానా స్ఫటికాలు పెంచల్లని. ఓపిగ్గానే ఇన్యాది.”

“ఏమన్నారు?”

దేవదానం గొంతు సవరించుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు.

“‘రెండు కిలోలంట! వచ్చే ఏడు విత్తేటప్పుడు రమ్మను. యాడనో కూచ్చోని ఏందేందో పెంచుతాండాడంటివి గదా, ముందు ఆ పిడికిలి పెంచుకోని రమ్మను.’”